ప్రవేశ పరీక్షకు జీవశాస్త్రము: పొలము గట్టున పునశ్చరణ

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన పిదప బై.పి.సి. చదివిన మన పల్లె పిల్లలకు ప్రవేశ పరీక్ష వరకు మిగులునది కొద్ది వారములు మాత్రమే. వ్యవసాయ పట్టభద్రులు కాగోరువారు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను వ్రాయవలసినది ఈఏపీసెట్ అను పరీక్ష. ఇందు 160 ప్రశ్నలు. కాలము 3 గంటలు. వృక్షశాస్త్రమున 40, జంతుశాస్త్రమున 40, భౌతిక రసాయన శాస్త్రములలో చెరి 40 ప్రశ్నలుండును. అనగా సగము మార్కులు జీవశాస్త్రమునవే. తప్పు జవాబునకు మార్కుల కోత లేదు గనుక ఏ ప్రశ్నను వదలి రాకూడదు. వైద్యవిద్యకై వ్రాయు నీట్ పరీక్షలో మాత్రము తప్పు జవాబునకు ఒక మార్కు తగ్గింతురు. అక్కడ ఊహకు పోరాదు.

వ్యవసాయ పట్టభద్ర తరగతులలో రైతు కుటుంబముల పిల్లలకు కొన్ని సీట్లు ప్రత్యేకించి ఉన్నవి. ఆ సీట్లకు కూడ ర్యాంకు కావలసినదే. భూమికి, చదువుకు సంబంధించిన ధ్రువపత్రములు ఏవేవి కావలెనో ఆ సంవత్సరపు ప్రకటనలో చూచి, పరీక్షకు ముందే సిద్ధము చేసియిచ్చినచో గ్రామాధికారులు ఆ కుటుంబమునకు గొప్ప మేలు చేసినవారగుదురు. సీట్ల ఎంపిక నాడు కాగితము కొరకు పరుగెత్తుట ఎంత కష్టమో పడినవారికే తెలియును.

ఇక చదువు సంగతి. పట్టణము నుండి తెచ్చుకొన్న ప్రశ్నల పుస్తకములు బస్తాకెత్తుగా ఉండును. వానిని బట్టీ పట్టిన పిల్లవాడు ప్రశ్నను కొద్దిగా మార్చి అడిగినచో తడబడును. రైతు బిడ్డకు ఇందులో ఒక సౌకర్యము, ఒక చిక్కు కలవు. పుస్తకములోని సంగతులలో చాలభాగము వాడు చిన్ననాటి నుండి కన్నులార చూచినవే, ఇది సౌకర్యము. ఆ సంగతులకు ఊరిలో మనము వాడు మాటలు కొన్ని శాస్త్రమునకు పొసగవు, ఇది చిక్కు. ఈ రెంటిని విడదీసి చూచుకొనుటయే మంచి పునశ్చరణ.

మాటలు తెచ్చు చిక్కు

"పైరుకు ఎరువు తిండి" అని మనమందుము. పరీక్షలో ఇట్లు తలచినవాడు పొరపడును. పైరుకు తిండి ఆకులో తయారగు పిండిపదార్థము. ఎరువు ఇచ్చునది నత్రజని, భాస్వరము, పొటాష్ వంటి ఖనిజములను మాత్రమే. వాన్ హెల్మాంట్ అను శాస్త్రజ్ఞుడు ఒక విల్లో మొక్కను తూచిన మట్టిలో నాటి ఐదేండ్లు నీరు మాత్రమే పోసి పెంచెను. సుమారు రెండుంబావు కిలోల మొక్క 75 కిలోలకు మించినది. మట్టిలో తగ్గినది అరవై గ్రాములు కూడ లేదు! ఈ ప్రయోగము 1648లో అచ్చయినది. బరువంతయు నీటినుండియే వచ్చినదని ఆయన తలచెను. అది సగమే నిజము. గాలిలోని కార్బన్ డైఆక్సైడ్ సంగతి ఆనాటికి తెలియదు. నేడు మనకు తెలిసినంతలో, చెట్టు ఎండుబరువులో పెద్దభాగము గాలినుండి వచ్చినదే. ఆకు విడుచు ఆక్సిజన్ మాత్రము కార్బన్ డైఆక్సైడ్‌ది కాదు, నీటిది. ఈ ఒక్క సంగతిని పరీక్షకులు ఎన్ని విధముల త్రిప్పి అడుగుదురో లెక్కలేదు.

"చెట్లు పగలు ఒక గాలిని, రాత్రి ఒక గాలిని పీల్చును" అనుట మరియొక పొరపాటు. శ్వాసక్రియ పగలు రాత్రి ఆగక జరుగును. పగటివేళ కిరణజన్య సంయోగక్రియ దానిని మించియుండుటచే అది మనకు కనబడదు, అంతే.

"పురుగు" అను మాట మరీ విశాలమైనది. వరిలో కాండము తొలుచునది పురుగే, మిరపలో ముడత తెచ్చునది పురుగే, వానపామును సైతము కొందరు పురుగనియే అందురు. కాని మిరప ఆకులు పైకి ముడుచుకొనినచో తామరపురుగులు కారణము. వానికి ఆరు కాళ్లు గనుక కీటకములు. ఆకులు క్రిందికి ముడుచుకొనినచో నల్లి కారణము. ఎదిగిన నల్లికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు, తేలు చేరిన తరగతిది. కీటకములను చంపు మందు చాలసార్లు నల్లి మీద పనిచేయకపోవుటకు మూలము ఇచ్చటనే ఉన్నది. వర్గీకరణ పాఠము పరీక్షకు మాత్రమేనని తలచు విద్యార్థికి ఈ ఒక్క ఉదాహరణము చాలును. వరిలోని సుడిదోమకు, మనలను కుట్టు దోమకు కూడ పేరులో తప్ప చుట్టరికము లేదు. కుట్టు దోమ ఒక జత రెక్కల డిప్టెరా క్రమములోనిది. సుడిదోమ రసము పీల్చు హెమిప్టెరాలోనిది.

"తెగులు" కూడ ఇట్టిదే. వరిలో అగ్గితెగులు శిలీంధ్రము వలన, ఎండాకు తెగులు బాక్టీరియా వలన, టుంగ్రో వైరస్ వలన వచ్చును. టుంగ్రోను ఒక మొక్క నుండి మరొక మొక్కకు మోయునది పచ్చదీపపు పురుగు. మినుములో పల్లాకు తెగులు కూడ వైరసే; దానిని మోయునది తెల్లదోమ. ఖైరా అనునది అసలు తెగులే కాదు, జింకు లోపము. కణము లేని వైరస్‌ను, కేంద్రకత్వచము లేని బాక్టీరియాను, నిజకేంద్రకము గల శిలీంధ్రమును ఈ నాలుగు ఉదాహరణములతో గుర్తుంచుకొన్న పిల్లవాడు జీవప్రపంచ విభజన పాఠమును మరల చదువనక్కరలేదు.

ఊరగాయ జాడీ, యూరియా గుప్పెడు

ద్రవాభిసరణము అనగానే పిల్లలు బెదరుదురు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించినపుడు జాడీలో ఊట దిగుట ప్రతి ఇంటను చూచినదే. ముక్కలోని కణములకన్న వెలుపలి ఉప్పునీరు గాఢమైనది గనుక కణములోని నీరు పలుచని త్వచము గుండ వెలికి వచ్చును. బెట్టగా నున్న నేలలో మొక్క మొదట్లో యూరియా గుప్పెడు పోసినచో మొక్క వాడిపోవుటకు కారణము ఇదే. "ఎరువు వేడి చేసినది" అని మనమందుము. జరిగినది వేడి కాదు. వేరు నుండి నీరు వెనుకకు పోయినది. పుస్తకము దీనిని ప్లాస్మాలిసిస్ అనును. నీరు నిండి బిగిసిన కణము స్ఫీతముగా నున్నదందురు. చౌడు నేలలో నీరున్నను పైరు దాహముతో నుండుట కూడ ఈ పాఠములోనిదే.

విద్యార్థి తడబడు చోటు నీటి శక్మము లెక్క. శుద్ధజలమునకు శక్మము సున్న. అందులో ఏది కరిగినను అది సున్నకు దిగువకు పోవును. మైనస్ 2 పెద్దదా, మైనస్ 5 పెద్దదా? చెరువు మట్టమును తలచుకొనుడు. తూము నుండి రెండు అడుగులు దిగువనున్న మడి, ఐదు అడుగులు దిగువనున్న మడి ఉన్నచో నీరు ఎటు పారును? రెండు నుండి ఐదునకు. మైనస్ 2 గల కణము నుండి మైనస్ 5 గల కణమునకు నీరు పోవుటయు అట్లే. నీరు పెట్టుట తెలిసిన పిల్లవానికి ఈ లెక్క తప్పుట వింత.

వేరుశనగ వేరు, విత్తనపు సంచి

నెల దాటిన వేరుశనగ మొక్కనొకదానిని మట్టితో పెకలించి వేరు బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబి రంగున్నచో అది పనిచేయుచున్నది. తెల్లగానో పచ్చగానో ఉన్నచో పనిచేయుట లేదు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. బుడిపెలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చును. ఆ పనిచేయు ఎంజైము నైట్రోజినేజ్. దానికి ఆక్సిజన్ సోకినచో చెడును. ఆక్సిజన్‌ను పట్టియుంచి దానిని కాపాడునది ఆ ఎఱ్ఱని పదార్థము. ఒక నత్రజని అణువు రెండు అమ్మోనియా అణువులగుటకు 16 ఏటీపీలు ఖర్చగును. మొక్క ఇంత వ్యయము ఊరక చేయదు. నత్రజని ఎరువు ఎక్కువగా వేసిన చేలో బుడిపెలు తగ్గుట అందుకే. అజోల్లాలో ఈ పనిచేయునది అనబీనా; నేలలో స్వేచ్ఛగా బ్రతుకుచు చేయునది అజటోబాక్టర్. ఈ పేర్లను జతపరచమని అడుగుట పరిపాటి.

మెండెల్ బఠాణీల పాఠము 1866 నాటిది. రైతుకు మాత్రము ప్రతి యేడు విత్తనము కొనునాడు ఎదురగునది. సంకర మొక్కజొన్న గింజను దాచి మరుసటి యేట వేసినచో కంకులు ఒక తీరున రావు. ఎందుకు? మొదటి తరములో మొక్కలన్నియు విషమయుగ్మజములు గనుక ఒకే తీరున నుండును. అవి తమలో తాము ఫలదీకరణము చెందినచో ఒక జన్యువు విషయములో రెండవ తరము 1:2:1గా విడిపోవును; కంటికి 3:1గా కనబడును. పైరులో ఇట్టి జన్యువులు అనేకము. కావున సంకరపు బలము చెదరిపోవును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, సంకరము కాదు. వరి స్వపరాగ సంపర్కము గలది, రకము స్థిరపడినది. కల్తీ లేకుండ తీసిన విత్తనమును మరల వాడుకొనవచ్చును. స్థిరపడుటకు ఇంతకాలమేల? స్వపరాగ సంపర్కములో ప్రతి తరమున విషమయుగ్మజములు సగమునకు తగ్గును: మొదట అన్నియు, తరువాత సగము, పాతిక, అరపాతిక. ప్రజననకారునికి అన్ని పంటకాలములు పట్టుటకు లెక్క ఇది.

పత్తి విత్తనపు సంచి మీదనున్న బీటీ అను మాటను కూడ విడువరాదు. బాక్టీరియా నుండి తెచ్చిన క్రై జన్యువు గొంగళిపురుగు జీర్ణనాళములోని క్షారపు స్థితిలో విషము నిచ్చును. రసము పీల్చు పచ్చదోమ, తెల్లదోమలపై అది పనిచేయదు. క్రై1ఏసీ, క్రై2ఏబీ పత్తి కాయతొలుచు పురుగులకు. క్రై1ఏబీ మొక్కజొన్న తొలుచు పురుగునకు. గులాబి రంగు పురుగు ఇప్పటికే వీనికి తట్టుకొనుట నేర్చినది. ఇది ప్రకృతివరణమునకు మన చేలలోనే దొరకు ఉదాహరణము.

కొట్టములోను, ఇంటిలోను

జంతుశాస్త్రములో పేర్లు ఎక్కువ గనుక వ్రాసి చూచుకొనుటయే మార్గము. నెమరువేయు ఆవు కడుపులో నాలుగు గదులు: రూమెన్, రెటిక్యులమ్, ఒమేసమ్, అబొమేసమ్. జీర్ణరసము ఊరునది కడపటి దానిలో మాత్రమే. రూమెన్‌లో గడ్డిని విడగొట్టునవి సూక్ష్మజీవులు. అందులోని మీథేన్ బాక్టీరియా పేడలోను ఉండుటచేతనే గోబరు గ్యాసు వచ్చును. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగునని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆ జీవి లైంగిక చక్రము ఆడ అనాఫిలిస్ దోమలో జరుగును గనుక ప్రధాన అతిథేయి దోమ, మనిషి కాదు.

చదువుకొనని తల్లియు పునశ్చరణకు సాయపడవచ్చును. "ఇది ఎందుకిట్లయినది?" అని అడిగి, తనకు అర్థమగువరకు చెప్పించుకొన్న చాలును. తండ్రికి వీలున్నచో ఈ క్రింది ప్రశ్నలు అడిగి చూడవచ్చును.

వరి వేరుకొన కణములో 24 క్రోమోజోములున్నచో పుప్పొడి నుండి వచ్చు పురుషబీజములో ఎన్ని? మనము తిను బియ్యపు భాగములో ఎన్ని? బియ్యపు గింజ కొనన కనబడు చిన్న గాటులో ఏమి ఉండెడిది? కొబ్బరినీరు, కొబ్బరి రెండును ఏ కణజాలము? వరి, జొన్న, నాగజెముడు, వీనిలో రాత్రివేళ పత్రరంధ్రములు తెరచునది ఏది? మధ్యాహ్నపుటెండలో తక్కిన రెండింటిలో ఏది మేలుగా తట్టుకొనును?

జవాబులు: పురుషబీజములో 12. బియ్యపు తెల్లని భాగము అంకురచ్ఛదము. రెండు ధ్రువకేంద్రకములు, ఒక పురుషబీజము కలియుటచే అందులో 36. గాటులో ఉండినది పిండము, దానిలో 24. మరపట్టినపుడు తవుడుతో పోయినది. కొబ్బరినీరు కణకవచములు ఏర్పడని అంకురచ్ఛదము, కొబ్బరి కణములు ఏర్పడిన అంకురచ్ఛదము. రాత్రి తెరచునది నాగజెముడు. ఎండను మేలుగా తట్టుకొనునది జొన్న. అది మొక్కజొన్న, చెరకుల వలె సి4 మొక్క, వరి సి3 మొక్క.