ఆగిపోయిన భజన బృందానికి మళ్లీ ఊపిరి

ప్రశ్న: కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి ఆత్మకూరు ప్రాంతంలోని సొంత ఊరికి తిరిగివచ్చినవారు, రామాలయంలో ఆగిపోయిన భజన బృందాన్ని తిరిగి నిలబెట్టడం ఎలా?

జవాబు: భజన కచేరీకి భిన్నమైనది; ఒకరు చరణం ఎత్తుకోగా మిగిలినవారు వంత పాడే ఈ పద్ధతిలో శ్రోతలు కూడా గాయకులే కాబట్టి, పునరుద్ధరణ వాద్యాలు కొనడంతో కాక, పాత పాటలు నోటికి వచ్చిన పెద్దలను వెతికి, వారు పాడిన వరుసలను సెల్‌ఫోనులో భద్రపరచి, ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించడంతో మొదలుకావాలి. ఊరిలో ఉండి ఆలయాన్ని కాపాడుకున్నవారికే పెద్దరికం విడిచిపెట్టి, తిరిగివచ్చినవారు తాళం పట్టుకుని వంతపాటలో కూర్చోవడం మేలు. విరాళం ఇచ్చినవారిదే పెత్తనమన్న భావన కలిగితే బృందం నిలవదు.

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయి, సాధారణంగా పురుషులకు ఒకటో శ్రుతి, స్త్రీలకు ఐదో శ్రుతి దగ్గర సౌకర్యంగా ఉంటుంది కనుక, అందరూ కలిసి పాడేటప్పుడు హార్మోనియంపై అనువైన మధ్యస్థాయిని ముందే నిర్ణయించుకోవాలి. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు, రామదాసు కీర్తనలు పల్లవి మళ్లీమళ్లీ వచ్చే నిర్మాణం గలవి గనుక పిల్లలకు త్వరగా పట్టుబడతాయి.

ప్రతి శనివారం భజనతో ఆరంభించి, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు సాగే ధనుర్మాసంలో వేకువ నగర సంకీర్తనకు, శ్రీరామనవమి నాటికి ఏకాహానికి, అనగా ఒక పగలూ రాత్రీ ఎడతెగని భజనకు, క్రమంగా ఎదగడం ఉచితం.