మందు నీటిలోనే ఎట్లు చెడును?
పిచికారి తొట్టిలో జరుగు ప్రతిక్షేపణ చర్య

సిఫారసు చేసిన మందును, సిఫారసు చేసిన మోతాదులోనే కలిపి చల్లినను పురుగు చావకపోవుట అప్పుడప్పుడు జరుగుచుండును. మందు కల్తీదనియో, పురుగు దానికి అలవాటుపడినదనియో రైతు తలచును. ఈ రెండును నిజము కావచ్చును. కాని మూడవ కారణము ఒకటి గలదు. అది తొట్టిలోని నీరు. దీనిని గ్రహించుటకు రసాయన శాస్త్రములోని ఒక చర్యను తెలిసికొనుట అవసరము.

ప్రతిక్షేపణ మనగా నేమి?

ఒక అణువులో ఒక భాగము తొలగి, దాని స్థానమున వేరొకటి చేరుటను ప్రతిక్షేపణ మందురు. తనవద్ద ఎలక్ట్రాను జంట నుంచుకొని, ఎలక్ట్రానుల కొరత గల పరమాణువును వెదకి పట్టుకొను పదార్థమునకు న్యూక్లియోఫైల్ అని పేరు. ఇట్టి పదార్థము వలన జరుగునది న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణము. ఇంగోల్డ్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు 1930 తరువాతి సంవత్సరములలో లండనులో దీని మార్గములను వివరించిరి.

మార్గములు రెండు. నిండిన బండిలో చోటు దొరకు విధమును తలచుకొనిన ఇవి సులభముగా తెలియును. కూర్చున్నవాడు తనంతట దిగిపోయిన పిదప ఖాళీ చోట మరొకడు కూర్చొనుట మొదటి విధము. దీనిని ఎస్.ఎన్.1 అందురు. ఇందు చర్య వేగము దిగువాని మీదనే ఆధారపడును. క్రొత్తవాడు ఒక ప్రక్కనుండి ఎక్కుచుండగనే పాతవాడు రెండవ ప్రక్కకు జరిగి దిగుట రెండవ విధము. ఇది ఎస్.ఎన్.2. ఇందు ఎక్కువాడెంత బలవంతుడో, ఎందరు ఎక్కజూచుచున్నారో, అవియు లెక్కకు వచ్చును.

తొట్టిలో జరుగునది

క్లోర్‌పైరిఫాస్ వంటి సేంద్రియ భాస్వరపు మందులలో నడుమ నుండునది భాస్వర పరమాణువు. దానికి ఎలక్ట్రానుల కొరత యుండును. దానికి అంటియున్న భాగములలో ఒకటి సులభముగా వైదొలగునది. నీటిలోని హైడ్రాక్సైడు బలమైన న్యూక్లియోఫైల్. అది వచ్చి భాస్వరమును పట్టుకొనగనే ఆ భాగము విడిపోవును. ఇది పైన చెప్పిన రెండవ విధమునకు దగ్గరి చర్య. ఆ పిమ్మట మిగిలినది పురుగును చంపజాలదు.

నీటి పి.హెచ్. ఒక అంకె పెరిగిన హైడ్రాక్సైడు పది రెట్లగును. 7 నుండి 9కి పోయిన నూరు రెట్లగును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద క్లోర్‌పైరిఫాస్ సగము చెడుటకు పి.హెచ్. 7 నీటిలో సుమారు 72 దినములు, పి.హెచ్. 9 నీటిలో సుమారు 16 దినములు పట్టును. మలాథియాన్ మరింత సుకుమారము. క్షారపు నీటిలో అది ఒకటికంటె ఎక్కువ మార్గములలో విరుగును. పి.హెచ్. 7 వద్ద సుమారు 6 దినములలో సగము చెడునది, పి.హెచ్. 9 వద్ద 12 గంటలలోనే సగమగును. ఎండ వేడికి ఈ వేగము ఇంకను హెచ్చును. కావున సాయంకాలము కలిపి మరునాటికి ఉంచిన మలాథియాన్, అట్టి నీటిలో తెల్లవారునప్పటికి సగము పోయినట్లే.

దేహములోను ఇదే చర్య

పురుగు నరములలోను, మానవుని నరములలోను అసిటైల్‌కోలిన్ ఎస్టరేజు అను ఎంజైము గలదు. దానిలోని సెరీన్ అను భాగపు ఆమ్లజనియు న్యూక్లియోఫైలే. క్లోర్‌పైరిఫాస్ దేహములో మొదట మార్పుచెంది, భాస్వరముమీది గంధకమునకు బదులు ఆమ్లజని చేరిన రూపము పొందును. ఆ రూపములోని భాస్వరమును సెరీన్ పట్టుకొనును, ఎంజైము మూతపడును. నరముల సంకేతములు ఆగక సాగును. చొంగ, చెమట, కనుపాపలు చిన్నవగుట, కండరముల వణకు, ఊపిరాడకపోవుట దీని లక్షణములు.

విరుగుడు కూడ ప్రతిక్షేపణమే. 1955లో అమెరికాలో విల్సన్, గిన్స్‌బర్గ్ అనువారు వెలువరించిన ప్రాలిడాక్సైమ్ అను మందు మరింత బలమైన న్యూక్లియోఫైల్. అది భాస్వరమును తాను లాగికొని ఎంజైమును విడిపించును. కాని ఆలస్యమైనచో భాస్వరముమీది మిథైల్ లేక ఇథైల్ భాగమొకటి ఊడి, బంధము విడిపించరానిదగును. మిథైల్ రకపు మందులలో ఇది కొన్ని గంటలలోనే జరుగును. కావున విషము సోకిన మనిషిని ఇంటివద్ద ఉంచి చూడరాదు. బట్టలు తీసివేసి, చర్మమును సబ్బునీటితో కడిగి, మందు డబ్బా చీటితోసహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అట్రోపిన్, ప్రాలిడాక్సైమ్ ఇచ్చుట వైద్యుని పని.

రైతులు పాటించవలసినవి

1. పి.హెచ్. కాగితముతో బోరు నీటిని పరీక్షించుకొనవలెను. చౌడు ప్రాంతములలో 8 పైబడి యుండుట అరుదు కాదు.

2. నీరు 8 దాటిన, వేరు నీరు వాడవలెను. అది దొరకనిచో నిమ్మ ఉప్పును కొద్దికొద్దిగా కలుపుచు, కాగితముతో చూచుచు, 6–7 మధ్యకు తేవలెను. మందును ఆ తరువాతనే కలుపవలెను.

3. ఈ పద్ధతి అన్ని మందులకు పనికిరాదు. రాగి మందులు ఆమ్లపు నీటిలో ఆకును మాడ్చవచ్చును. సల్ఫోనైల్ యూరియా జాతి కలుపు మందులు ఆమ్లములోనే చెడును. చీటిమీది సూచనయే ప్రమాణము.

4. సున్నముతో చేసిన బోర్డో మిశ్రమముతోగాని, సున్నము–గంధకపు ద్రావణముతోగాని భాస్వరపు మందులను కలుపరాదు.

5. ఒక పూటకు కావలసినంతయే కలిపి, ఆ పూటనే చల్లవలెను.

6. మందు పనిచేయలేదని మోతాదు పెంచరాదు. ముందుగా నీటిని చూడవలెను. చెడిన మందును విషము కాదని తలచి చేతితో తాకుటయు, కాలువలో పారబోయుటయు తగదు.

7. క్లోర్‌పైరిఫాస్‌ను స్టాక్‌హోం ఒడంబడిక 2025లో కొన్ని మినహాయింపులతో నిర్మూలింపవలసిన రసాయనముల పట్టికలో చేర్చినది. కావున ఏ మందు కొనునప్పుడైనను ఆ పైరుకు దానికి అనుమతి గలదో లేదో వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవలెను.

పి.హెచ్. కాగితమునకు అగు ఖర్చు స్వల్పము. వ్యర్థమగు ఒక్క తొట్టి మందు ఖరీదు అంతకంటె ఎక్కువ. రెండవమారు చల్లుటలో ఒంటికి తగులు విషము ఆ పైన మరొక నష్టము.