సెరామిక్స్ సీటు వచ్చిన మేనకోడలికి

చి. లహరికి,

మద్రాసు ప్రభుత్వ లలిత కళల కళాశాలలో పెయింటింగ్ దొరకలేదనీ, సెరామిక్స్‌లో సీటొచ్చిందనీ నువ్వు అలిగావట. కుండలు చేసుకోడానికి అంత దూరం పోవాలా అన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ కాలేజీ చరిత్ర తెలిస్తే అలా అనవు.

1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ దాన్ని సొంత బడిగా మొదలుపెట్టాడు. బొమ్మలు గీయడంతో పాటు ఇటుకలు, పెంకులు, కుండలు చేయడమూ అక్కడ నేర్పారు. కొన్నేళ్లకే ప్రభుత్వం తీసుకుని పారిశ్రామిక కళల బడిగా నడిపింది. ఇందులో తెల్లవాళ్ల చిన్నచూపు లేకపోలేదు: మనవాళ్లది పనితనమే తప్ప కళ కాదని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని ఒప్పుకుంటూనే, పనిని మాత్రం తక్కువ చేయకు.

మన వంటింట్లో సత్తుగిన్నెలున్నాయి చూడు. 1898 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజినీరు అల్యూమినియం పాత్రల తయారీని మొదలుపెట్టింది ఈ బడిలోనే. ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పూయించుకునే బాధ లేదు, బరువూ తక్కువ. గిరాకీ పెరిగింది, చివరికి 1903లో ఆ వ్యాపారాన్ని ఒక కంపెనీకి అమ్మేశారు. డిజైన్ అంటే ఇదే కదా! నాకైతే ఎన్నో తైలవర్ణ చిత్రాల కన్నా ఈ గిన్నెల కథే ఇష్టం.

1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ఆ బడికి అధిపతిగా వచ్చాక గాలి మారింది, చిత్రకళా, శిల్పకళా ముందుకొచ్చాయి. మన తెలుగు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు ఆయన దగ్గరే చదువుకున్నాడు. తర్వాత ప్రిన్సిపాలైన కె.సి.ఎస్. పణిక్కర్, బొమ్మలు అమ్ముడుపోక ఇబ్బంది పడుతున్న శిష్యులను చేతిపనుల వైపు మళ్లించాడు. బాతిక్ అద్దకపు బట్టలు అమ్మగా వచ్చిన డబ్బుతోనే 1966లో మద్రాసు దగ్గర ఇంజంబాక్కంలో స్థలం కొని చోళమండలం కళాగ్రామం కట్టుకున్నారు. పగలు బాతిక్, మిగిలిన పొద్దు కాన్వాసు. వాళ్ల పెయింటింగులను బతికించింది బట్టల మీది రంగే.

చేరిన మొదటి వారం బట్టీ ఎక్కడ పెడతారో, మంట ఎంతసేపు ఇస్తారో అక్కడి పనివాళ్లనే అడిగి రాసుకో. తీరిక దొరికితే మెరీనాలో రాయ్ చౌధురి చేసిన శ్రామిక విజయ శిల్పం చుట్టూ తిరిగి, వెనకవైపు నుంచి స్కెచ్ వెయ్యి. అది నాకు పంపు.

మీ మామయ్య