మీ వెబ్‌సైట్‌ను ఎందరు చూశారు? ఎందరు ఫోన్ చేశారు?



ఎల్దుర్తిలో మీ ఫంక్షన్ హాలుకో, విత్తనాల షాపుకో వెబ్‌సైట్ ఉందా? యాడ్‌కు డబ్బు కట్టే ముందు లెక్క చూసుకోండి. 2005లో వచ్చిన గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఖాతా తెరిచి, 'జి'తో మొదలయ్యే ఐడీని సైట్‌లో పెట్టించండి. మీ ఫోన్‌లో సైట్ తెరిస్తే 'రియల్‌టైమ్'లో కనిపించాలి.

'కాల్' బటన్ నొక్కడాన్ని 'కీ ఈవెంట్'గా పెట్టించండి. చూసినవారంతా గిరాకీ కాదు. మీ షాపు వైఫై నుంచి చూసినవి లెక్కలోంచి తీసేయించండి. ఊరి పేరు అంచనా మాత్రమే. ఎల్దుర్తివాళ్లు హైదరాబాద్‌వాళ్లుగా కనిపించవచ్చు.

నెలాఖరున పిల్లలతో శాతం కట్టించండి: 200 మంది చూసి 6 మంది నొక్కితే 3 శాతం. యాడ్ పెట్టాక నొక్కేవాళ్లు పెరగకపోతే ఆ ఖర్చు ఆపేయండి.