పాత పీట మీద కాళ్ళు చాపొచ్చా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అత్తగారింట్లో అటక దులుపుతుంటే మూడు పాత పీటలు బయటపడ్డాయి. ఒకటి ముక్కాలిపీట. ఒకటి పసుపు మరకలున్న పొట్టిపీట. మూడోది మా మామగారి నాన్నగారి వాలుకుర్చీ ముందు ఉండేదట, కాస్త ఎత్తుగా ఉంది. సోఫా ముందు వేసుకుని కాళ్ళు చాపుకుందామంటే "పీట మీద కాళ్ళేమిటి, చోద్యం కాకపోతే" అంటున్నారు అత్తయ్య. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఎర్రుపాలెం

జవాబు: అత్తయ్యగారి మాట తీసిపారేయకండి. మూడు పీటలూ ఒకే జాతి కాదమ్మా. ఏది ఏ పనికి పుట్టిందో తెలిస్తే మీ తగవు సగం తీరిపోతుంది.

పసుపు మరకల పీటను వెలుతురులో పెట్టి చూడండి. నడుమ నూనె ఇంకి నల్లబడి, చెక్క గీతల్లో పసుపు ఇరుక్కుని ఉంటే అది తలంటులకో, నోములకో, పెళ్ళికూతుర్ని చేయడానికో వాడిన పీట. దానిమీద కాళ్ళు పెడితే ఆ ఇంట్లో ఎవరికీ మనసొప్పదు, ఇంటీరియర్ డిజైనర్లు ఎన్ని ఫొటోలు చూపించినా సరే. ఆ మరకలు తోమకుండా దేవుడి గదిలోనో, కిటికీ కింద ఇత్తడి బిందెకు ఆసరాగానో ఉంచండి.

వాలుకుర్చీ ముందుండేది మాత్రం కాళ్ళ కోసమే చేయించింది. నిక్షేపంగా చాపుకోండి. ఇదేదో దొరల అలవాటని అనుకోనక్కర్లేదు. అమరావతి స్తూప శిల్పాల్లో ఆసనం మీద కూర్చున్నవారి పాదాల కింద చిన్న పీఠం కనిపిస్తుంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని ఫలకాల్లోనైతే ఖాళీ ఆసనం ఉంటుంది, దాని ముందు పాదముద్రలుంటాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకి వెళ్తే అమరావతి ఫలకాలను తీరిగ్గా చూడొచ్చు. కూర్చునే పీట వేరు, పాదపీఠం వేరు అన్న తేడా దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటిది. మీ అత్తయ్యగారు అంటున్నదీ అదే కదా.

ఇక ఎత్తు సంగతి. సోఫా సీటు సాధారణంగా 16 నుంచి 18 అంగుళాలుంటుంది. కాళ్ళపీట దానికి సమానంగా, లేదా ఓ రెండు అంగుళాలు తక్కువగా ఉంటే మోకాళ్ళకు హాయి. మీది తక్కువైతే కోళ్ళకు ముక్కలు అతికించి పాడుచేయకండి. పైన మెత్త వేయండి. వరంగల్ జంపఖానా ముక్కతో గలీబు కుట్టించి, నాలుగు మూలలా నాడాలు పెట్టి కోళ్ళకు కట్టుకుంటే చాలు. మేకు మాత్రం దించొద్దు. పాత చెక్క ఎండిపోయి ఉంటుంది, అంచున కొడితే చీలిపోతుంది.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగకుండా నిలబడుతుంది. కానీ కోళ్ళ మధ్య అంచు మీద బరువు పడిందంటే తిరగబడుతుంది. కాఫీ గ్లాసుకు, పేపరుకు వాడుకోండి. బల్బు మార్చడానికి దాన్ని ఎక్కకండి.

ప్రశ్న: పాత సామాన్లమ్మే ఒకాయన 150 ఏళ్ళనాటి టేకు పీట అంటూ గట్టి ధరే చెబుతున్నాడు. నమ్మొచ్చా?
– మధిర పాఠకుడు

జవాబు: పైభాగం చూసి బేరమాడకండి. బోర్లించండి. కింది వైపు ఎవరూ పాలిష్ పెట్టరు కాబట్టి అబద్ధం కూడా అక్కడ తక్కువ. బాడిసతో చెక్కిన వంకర గాట్లు, చిత్రిక పట్టిన సన్నని చాళ్ళు వేలికి తగిలితే చేతిపని అనుకోవచ్చు. ఒకే వంపులో వరసగా గుండ్రటి గీతలుంటే గుండ్రటి రంపపు మిషన్‌లో కోసిన చెక్క. ప్లస్ గాడి ఉన్న స్క్రూ కనిపించిందా, ఆ రకం స్క్రూకు అమెరికాలో పేటెంట్లు వచ్చిందే 1936లో. మరమ్మతులో తర్వాత బిగించి ఉండొచ్చు గానీ, అన్ని కోళ్ళకూ అవే ఉంటే 150 మాట మరిచిపోండి.

అరుగుదల కూడా చూడాలి. నిజంగా వాడిన పీట ఒక అంచున ఎక్కువ, ఒక కోడు కింద ఎక్కువ అరుగుతుంది. నాలుగు మూలలూ ఒకేలా నున్నగా ఉంటే అది ఉప్పు కాగితం చేసిన పని. పనిలేని చోట పాత బెజ్జాలు పూడ్చినట్టు కనిపిస్తే అది కూలిన పెంకుటింటి గుమ్మంలోంచో, దూలంలోంచో తీసిన చెక్క. పాత టేకే, కొత్త పీట. అదేమీ మోసం కాదు, కొత్తదని చెప్పి అమ్మితే. నాకైతే అలాంటివి ఇష్టం కూడా. కానీ చెక్క వయసుకు పీట ధర కట్టకండి.

ప్రశ్న: నాయనమ్మ పీటకు మందపాటి ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేసి ఉంది. గీకించి అసలు చెక్క బయటపెట్టాలని ఉంది. ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది.
– కొత్తగూడెం పాఠకురాలు

జవాబు: ఆగండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. నాయనమ్మగారి డబ్బా అంతకు ముందుదే కదా. పొడిగా గీకితే ఆ దుమ్ము నేలమీద పడుతుంది. నేలమీద ఆడుకునే పాప చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

రంగు పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే అలాగే వదిలేసి, పాపకు అందని చోట పెట్టుకోండి. ఆ ఆకుపచ్చ అంత చెడ్డగా ఏమీ ఉండదు. తీయించి తీరాలనుకుంటే ఇంట్లో వద్దు. వడ్రంగి దగ్గర, ఆరుబయట, తడిపి రుద్దించండి, మాస్క్ కట్టుకోమనండి. తర్వాత అవిసె నూనె పట్టిస్తారు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయనివ్వకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడదీసి ఆరేయాలి.

ప్రశ్న: పీట కింద సన్నటి పిండి రాలుతోంది. పారేయాలా?
– బోనకల్ పాఠకుడు

జవాబు: పుచ్చు పురుగు. పాత పిండో, కొత్త పిండో ముందు తేల్చుకోండి. పీటను గట్టిగా తట్టి దులిపి, నల్ల కాగితం మీద కదపకుండా ఉంచండి. కొన్నాళ్ళకు మళ్ళీ పిండి కనబడితే పురుగు బతికే ఉంది. ఎండలో పెడితే లోపలి పురుగు పోతుందని నమ్మకం లేదు, చెక్క మాత్రం పగులుతుంది. పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచడం మ్యూజియాల పద్ధతి. తెలిసిన ఐస్‌క్రీం దుకాణం ఉంటే మొహమాటపడకుండా అడగండి.

ప్రశ్న: అమ్మమ్మ జిట్రేగి పీటను మెల్‌బోర్న్ తీసుకెళ్ళాలనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా?
– ఎర్రుపాలెం ఆడపడుచు, ఆస్ట్రేలియా

జవాబు: ఉంటుంది, మూడు చోట్ల. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువు దేశం దాటకూడదు. అమ్మమ్మగారి పెళ్ళికి చేయించిందైతే వందేళ్ళు నిండి ఉండకపోవచ్చు. అయినా విమానాశ్రయంలో వాదనకు దిగేకంటే ముందే పురావస్తు శాఖ నుంచి "పురావస్తువు కాదు" అన్న ధ్రువపత్రం తెచ్చుకోండి. జిట్రేగి జాతి మొత్తం 2017 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది. తయారైన వస్తువులో ఆ చెక్క పది కిలోలు మించకపోతే మినహాయింపు ఉంది, కాబట్టి తూకం వేయించుకోండి. మూడోది ఆస్ట్రేలియా తనిఖీ. చెక్క వస్తువు తెస్తున్నట్టు వాళ్ళకు రాసివ్వాల్సిందే. పురుగు బెజ్జాలు కనబడితే మీ ఖర్చుతో శుద్ధి చేయిస్తారు, లేదా నాశనం చేస్తారు. పై జవాబులోని నల్ల కాగితం పరీక్ష ఇక్కడే చేసి వెళ్ళండి.