ఆరు బండ్లు – ముగ్గురు సహోదరులు

పాఠభాగము: సంఖ్యాకాండము 7:1–9

ఈ నెల పాఠము బండ్లను గూర్చినది. చిలమత్తూరు చుట్టుపట్ల గ్రామములలో ఏ రచ్చకట్టయొద్ద కూర్చున్నను వాన మాట తరువాత వినబడునది బండి మాటయే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ అనంతపురపు మెట్టలో, చేతికి వచ్చిన కొద్ది పంట, అది టమాట గాని పట్టుగూళ్లు గాని చింతపండు గాని, హిందూపురమో చింతామణియో చేరితేనే డబ్బు. గనుక బండి మనకు విలాసము కాదు.

మన సంఘములోని ఒక ఇంట అన్నకు మహీంద్రా బొలెరో పికప్ ఉన్నది. తమ్మునికి టాటా ఏస్. ఆ ఇంటి అల్లుడు అశోక్ లేలాండ్ దోస్త్ కొన్నాడు. పండుగకు ముగ్గురును కలిసినప్పుడు ముద్ద నోట పెట్టకమునుపే వాదము మొదలగును.

"ఏమిరా, నీ చిన్న ఏనుగు మిట్ట ఎక్కిందా, దిగి తోసినావా?" అని అన్న.

"నీ బండి ఒకసారికి తాగే డీజిలుతో నేను బాగేపల్లికి రెండుమార్లు పోయొస్తా లేన్నా" అని తమ్ముడు.

"దోస్త్ అంటేనే స్నేహితుడు బావా. మీ ఇద్దరినీ కలిపేది నా బండే" అని అల్లుడు.

వారి అవ్వ మాత్రము, "మీ తాత హళ్లికారు ఎద్దుల కోసరం ఘాటి సంతలో ఇట్లే అరిచినాడు నాయనా, అప్పుడు కంపెనీ పేరు లేదు, అంతే" అని నవ్వును. ఈ వాదములో నాకు దోషమేమియు కనబడదు. కరవు సీమలో నవ్వు వినబడు ఇల్లు మేలైన ఇల్లే.

అయితే వంశగౌరవమును బట్టి వాదించుటకు ఆ మూడు బండ్లలో దేనికిని అంత చోటు లేదు. మహీంద్రా కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరున ఆరంభమైనది. దేశవిభజన తరువాత ఆ గులాం మహమ్మద్ పాకిస్తానుకు పోయి అచ్చటి మొదటి ఆర్థికమంత్రి ఆయెను. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అని మారెను. వారు మొదట కూర్చినవి అమెరికా వారి విల్లీస్ జీపులు. టాటావారి కంపెనీ కూడ 1945లోనే రైలు యంజనుల కొరకు పుట్టి, 1954 నుండి జర్మనీ డైమ్లర్-బెంజ్ వారి తోడ్పాటుతో లారీలు చేసెను. ఏస్ వచ్చినది 2005లో. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్‌కు స్థాపకుడైన రఘునందన్ శరణ్ తన కుమారుని పేరు పెట్టెను. 1955లో ఇంగ్లండు లేలాండ్ పేరు దానితో కలిసెను. 2011లో వచ్చిన దోస్త్ జపాను నిస్సాన్ వారితో కలిసి చేసినది. అందరును పొరుగువాని చేయి పట్టుకొని నడక నేర్చినవారే.

ఇప్పుడు పాఠభాగమునకు వత్తము. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడుబండ్లను, పండ్రెండు ఎద్దులను ప్రత్యక్షపు గుడారపు పనికి తెచ్చిరి. లేవి కుమారులు గెర్షోను, కహాతు, మెరారి అను ముగ్గురు సహోదరులు. వారి సంతతివారికి బండ్లను పంచవలసియుండెను. తలకు రెండేసి ఇచ్చినయెడల లెక్క సరిపోవును, ఎవరికిని మాట ఉండదు. మోషే అట్లు చేయలేదు. తెరలను, కప్పులను మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. పలకలను, అడ్డకర్రలను, స్తంభములను, దిమ్మలను మోయు మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతీయులకు ఒక్క బండియు లేదు. పరిశుద్ధమైన వస్తువులను వారు భుజముల మీద మోయవలెను.

చూచితిరా? పెద్దవాడు ఎవడు, చిన్నవాడు ఎవడు అని అడుగలేదు. బరువేమిటి అని మాత్రమే అడిగిరి. ముప్పాతిక టన్ను మోయు ఏస్ మన ఊరి సందులలో తిరిగి రెండు గంపల పని కూడ చేయును. టన్నున్నర టమాట పెట్టెలకు బొలెరో కావలెను. ఒకదాని పనిని వేరొకదానిచేత చేయించబోయినప్పుడే వేళాకోళము వేళాకోళముగా మిగులదు.

రోషముతో తమ్ముడు ఏస్ మీద టన్నుంపావు వేసినాడనుకొనుడి. బ్రేకులు ఆ బరువుకు చేసినవి కావు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధికభారమునకు 20,000 రూపాయల జరిమానా, పైపెచ్చు ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఒక కాపు టమాట ఆదాయము చెక్‌పోస్టు దాటకమునుపే పోవును.

దానికంటె నాకు దుఃఖము కలిగించు మాట ఒకటి ఉన్నది. "నా బండిలో ముప్పైమంది పట్టినారు" అని మనవారు గొప్పగా చెప్పుకొందురు. పెండ్లికి, కూలికి, మన కూడికలకు సయితము సరకుబండిలో స్త్రీలను, పిల్లలను నిలువబెట్టి తీసికొని వత్తురు. పట్టుకొనుటకు కమ్మి లేదు, కూర్చొనుటకు పలక లేదు. జాతీయ రహదారి 44 మీద ఒక్కమారు గట్టిగా బ్రేకు వేసినయెడల ఏమగునో మీరే తలంచుడి. ప్రమాదమైన తరువాత బీమావారు పేచీ పెట్టుదురు, కాని పేచీ తీరినను పోయినవారు రారు.

రెండవ సమూయేలు 6వ అధ్యాయమును దీనితో కలిపి చదువుడి. దావీదు మందసమును క్రొత్త బండి మీద ఎక్కించెను. బండిలో లోపమేమియు లేదు, ఎద్దులును మంచివే. ఆ బరువు బండి మీదికి ఎక్కవలసినది కాదు. ఎద్దులు తడబడగా ఉజ్జా చేయి చాపి మరణించెను. తరువాత లేవీయులు దానిని భుజముల మీద మోసిరని 1 దినవృత్తాంతములు 15లో ఉన్నది. మందసమునకు కహాతీయుల భుజమెట్లో, మన తల్లులకు, బిడ్డలకు సీటున్న బండి అట్లు.

ఈ సంవత్సరపు కూడికకు మన సంఘము బస్సు మాటలాడినది. చార్జీకి ఇంటికి ఇంత అని పెద్దలు వసూలు చేయుచున్నారు. బియ్యము, వంటపాత్రలు, షామియానా గుడ్డలు, గుంజలు మాత్రము సరకుబండ్లలో వెళ్లును. పాత్రలు దోస్త్‌కు, గుడ్డలు ఏస్‌కు అని తేలినది. గుంజలను, బియ్యమును కలిపి మోయగలనని అన్న, కాదు రెండు దఫాలు పడునని తమ్ముడు, ఇంకను వాదించుచున్నారు.