కేకుకు పళ్లు ఏరినవాడు

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగినప్పుడు సలాబత్‌పురాలో మా వీధంతా మిఠాయిలు పంచుకుంది. ఆ తర్వాత సూరత్ లోకల్ చానళ్లలో ఒకాయన కనిపించాడు. ల్యాండర్ డిజైన్ తనదేనన్నాడు. ఇస్రో ఇచ్చిందంటూ నియామకపత్రం కూడా చూపించాడు. పోలీసులు ఇస్రోను అడిగితే ఆ పత్రం నకిలీదని తేలింది. ఆగస్టు 29న అరెస్టయ్యాడు. ఆయన చేసే పని పిల్లలకు ట్యూషన్లు చెప్పడం.

మొత్తం అబద్ధమే కనుక ఆరు రోజుల్లో బయటపడింది. నిజంలో నానబెట్టిన అబద్ధం అయితే చాలాకాలం నిలుస్తుంది. అమెరికా టీవీలో వంటల కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ ఇర్విన్ సంగతి చూడండి. ఈయన బ్రిటన్ నౌకాదళంలో వంటవాడిగా పనిచేసిన మాట నిజం. 1981లో చార్లెస్, డయానాల పెళ్లికేకు తయారైన నౌకాదళ వంట పాఠశాలలో ఉన్న మాటా నిజమే. అయితే అక్కడ ఆయన చేసింది పళ్లు ఏరడం లాంటి చిన్న పనులు. చెప్పుకునేటప్పుడు అది కేకు తయారుచేయడం దాకా పెరిగింది. దానికి లీడ్స్ యూనివర్సిటీ డిగ్రీ, రాణిగారిచ్చిన 'సర్' బిరుదు తోడయ్యాయి. వంట అంత బాగా వచ్చినవాడికి బిరుదు దేనికో!

2008 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ టైమ్స్ పత్రిక విలేఖరి గొప్ప పరిశోధనేమీ చేయలేదు. యూనివర్సిటీని, రాజభవనాన్ని అడిగారు, అంతే. రెండు చోట్లా లేదనే జవాబు వచ్చింది. ఇర్విన్ తప్పు ఒప్పుకున్నాడు. కార్యక్రమం కొంతకాలం చేజారింది. తర్వాత చానలే మళ్లీ పిలిచింది, 2011లో కొత్త కార్యక్రమం కూడా ఇచ్చింది. వంట మాత్రం ఆయనకు నిజంగానే వచ్చు మరి.

మన బ్యాంకువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఇంటి రుణానికి వచ్చినాయన దస్తావేజులు ఎంత ముచ్చటగా ఉన్నా, ప్యానెల్ లాయరు రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులు చూడనిదే ఫైలు కదలదు. కాగితం పట్టుకొచ్చినవాణ్ని కాదు, ఇచ్చినవాళ్లను అడగాలి. పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి మాత్రం అబ్బాయి డిగ్రీ గురించి అబ్బాయి మేనమామనే అడుగుతాం! ఇప్పుడు చాలా యూనివర్సిటీల పట్టాలు డిజీలాకర్‌లో దొరుకుతున్నాయి. ఒకసారి చూపించమనడం మర్యాద తక్కువేమీ కాదు.

ఇదంతా తవ్వడానికి కారణం మా అమ్మాయి రెజ్యూమె. ఇక్కడి ఓ చీరల ప్రింటింగ్ మిల్లులో పది రోజులు కూర్చుని చూసింది. కాగితం మీద అది 'డిజైన్ విభాగంలో మూడు నెలల అనుభవం' అయింది.

"మా క్లాసులో అందరూ ఇలాగే రాస్తున్నారు నాన్నా. పది రోజులంటే ఎవరు పిలుస్తారు?" అంది.

నా దగ్గర సరైన జవాబు లేదు. "ఆ పది రోజుల్లో ఏం చూశావో చెప్పమ్మా" అన్నాను. రంగు రంగుకీ వేరే స్క్రీన్ ఎందుకు కావాలో, ఒకటి వెంట్రుకవాసి జరిగితే పువ్వు అంచు ఎలా చెదురుతుందో అరగంట చెప్పింది. రెజ్యూమెలో ఆ మూడు నెలలు కొట్టేసి, 'పది రోజులు' అని రాసి, కింద ఈ సంగతులు రెండు వాక్యాల్లో పెట్టింది. నిన్న రెండు కంపెనీలకు పంపింది.